ఇంకో రెండు గొట్టాలు

నా మేనకోడలు సుస్మిత మా అందరి మీదా అలిగి మాటలు మానేసిన వేసవి నాకు బాగా గుర్తు. ఆ అలకలో పెద్ద వాటా నాదే.

నాకు గవర్నర్‌పేటలో మోటార్లు, పైపులు, వాల్వులు అమ్మే షాపు ఉంది. మా అక్క సుధామణిని ఉయ్యూరు అవతల, కాలవగట్టు వెంట ఏడెనిమిది కిలోమీటర్లు పోతే వచ్చే ఊరికి ఇచ్చాం. బావ జానకిరామ్‌కి అక్కడ నాలుగెకరాల పొలం. మూడెకరాల్లో చెరుకు, ఎకరంలో పసుపు. బావ మాటకారి కాదు. ఇంట్లో ఏ విషయమైనా తేలకపోతే నాకు ఫోన్ చేసి, "ఓసారి రావయ్యా" అంటాడు. వెళ్ళి మాట్లాడేది నేను, పక్కన కూర్చుని వినేది ఆయన. సుస్మిత వాళ్ళకి ఒక్కతే పిల్ల.

ఆ ఏడు పిల్ల ఇంటర్ పాసయింది. మంచి మార్కులు. ఫిజిక్సంటే పిచ్చి. మోటారు ఎందుకు తిరుగుతుందో చెప్పమని చిన్నప్పుడు నన్ను నిలబెట్టి అడిగేది. ముప్పై ఏళ్ళుగా మోటార్లు అమ్ముతున్నా నాకు సరిగ్గా చెప్పడం వచ్చేది కాదు. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు సైన్సు కోర్సు గురించి చెప్పడానికి దాని కాలేజీకి వచ్చారట. ఎవరికీ చెప్పకుండా అప్లై చేసింది. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని ఫోన్లో ఇంటర్వ్యూ ఇచ్చింది. సీటు వచ్చింది. ఫీజులో సగం తగ్గిస్తామన్నారు. మిగిలిన సగం, హాస్టలు కలిపితే బావ చెరుకు డబ్బు మొత్తం వాళ్ళకే పోయాలి.

బావ ఫోన్ చేశాడు. నేను వెళ్ళాను.

వసారాలో మంచం మీద బావ వాళ్ళమ్మ పద్మావతమ్మగారు. గుమ్మంలో అక్క. బావ ఎప్పటిలాగే గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. సుస్మిత నిలబడే ఉంది, చేతిలో ఫోను, ఫోన్లో ఆ సీటు కాగితం.

నేను మొదలుపెట్టాను. "విజయవాడలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉందమ్మా. బస్సు పాసుతో వెళ్ళి రావచ్చు. ఇంటి తిండి. అక్కడ చదివినవాళ్ళు ఆఫీసర్లయ్యారు, మేష్టార్లయ్యారు. ఫిజిక్స్ అక్కడా అదే, ఇక్కడా అదేగా? న్యూటన్ ఏమన్నా మారతాడా?"

నా మాటకి నేనే నవ్వాను. ఎవరూ నవ్వలేదు.

"మావయ్యా, ఆ ల్యాబు నువ్వు చూశావా?" అంది సుస్మిత.

"చూళ్ళేదమ్మా."

"ఇక్కడి కాలేజీ ల్యాబు?"

"అదీ చూళ్ళేదు."

"రెండూ చూడకుండా రెండూ ఒకటేనని ఎట్టా చెప్తన్నావ్?"

అయినా నేను ఆగలేదు. లోన్లు తీసుకున్నవాళ్ళ కష్టాలు చెప్పాను. ఆడపిల్ల ఒంటరిగా అంత దూరం ఎందుకన్నాను. పద్మావతమ్మగారు అందుకున్నారు, "మీ అమ్మ డిగ్రీ చదవలేదు, బతకట్లేదా" అని. అక్క, "ఒక్కదానివేనే తల్లీ మాకు" అంది. తలా ఒక వైపు నుంచి పట్టుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే, ముగ్గురు పెద్దవాళ్ళం చేరి పద్దెనిమిదేళ్ళ పిల్లని మాటలతో గోడ దాకా నెట్టాం.

అయినా అది ఒప్పుకోలేదు. చివరికి తండ్రి వైపు తిరిగి, "నువ్వు చెప్పు నాన్నా" అంది.

బావ నేలకేసి చూస్తూ, "నేను కట్టలేనమ్మా" అన్నాడు.

అంతే. ఆ ఇంట్లో ఆయన నోట 'లేను' అన్న మాట ఎవరమూ ఎప్పుడూ వినలేదు. తుఫానుకి చెరుకు పడిపోయిన ఏడు కూడా 'చూద్దాం' అన్నాడే గానీ ఆ మాట అనలేదు. సుస్మిత ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత బెంగళూరు పేరు ఎత్తలేదు. మాతో మాట్లాడనూ లేదు.

తీరా ఆన్‌లైన్లో డిగ్రీ సీట్లు ఇచ్చేసరికి ఫిజిక్స్ నిండిపోయింది. మిగిలింది జియాలజీ. అంటే ఏమిటని పద్మావతమ్మగారు అడిగితే అక్క, "భూమి గురించి చదువంట అత్తయ్యా" అని చెప్పింది.

"దానికి బస్సెక్కి బెజవాడ పోవాలా? మీ నాన్న ఎనకాల పొలం పో, ఆడే నేర్పుతాడు" అన్నారావిడ. ఆ మాటకీ సుస్మిత నవ్వలేదు.

ఉదయం మొదటి బస్సు, ఉయ్యూరులో ఇంకో బస్సు, బెంజ్ సర్కిల్లో దిగి సిటీ బస్సు. సాయంత్రం మళ్ళీ అదే దారి. కాలేజీ నా షాపుకి నడిచి వెళ్ళేంత దూరమే. అయినా ఒక్కసారీ రాలేదు. ఒకరోజు ఎదురు ఫుట్‌పాత్ మీద బ్యాగు తగిలించుకుని తల దించుకుని పోతూ కనిపించింది. పిలుద్దామనుకున్నాను. నోరు రాలేదు.

ఆ కాలేజీ గొప్పదని నేను చెప్పను. జియాలజీలో ఆరుగురు పిల్లలు. మైక్రోస్కోపులు మూడుంటే, రెండింటి అద్దాలకి బూజు పట్టింది. బీరువాలో రాళ్ళు, వాటి మీద అంటించిన పేర్లు వెలిసిపోయి చదవడానికి వీల్లేకుండా ఉండేవి. కానీ అక్కడ డయానా మేడమ్ ఉన్నారు. బందరు మనిషి. సన్నగా, ఎప్పుడూ గొడుగుతో ఉంటారు. మొదటివారం క్లాసులో పుస్తకం తెరవలేదట. ఎవరింటి మట్టి వాళ్ళని గుప్పెడు తెమ్మన్నారట.

సుస్మిత తమ చెరుకు పొలంలోంచి టిఫిన్ డబ్బా మూతలో మట్టి పట్టుకెళ్ళింది. మేడమ్ దాన్ని బేసిన్లో నీళ్ళు పోసి కలిపి, బురద కలిసిన నీళ్ళు పారబోసి, మళ్ళీ పోసి, మళ్ళీ పారబోసి, అడుగున మిగిలిన చిటికెడు ఇసకని కాగితం మీద ఆరబెట్టారు. బాగున్న ఆ ఒక్క మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నారు.

"ఇది ఎక్కడిది?"

"మా పొలంలోదండి."

"సరే. మీ పొలంలోకి రాకముందు?"

ఆ ప్రశ్నకి తనకి ఒళ్ళు జల్లుమందని సుస్మిత తర్వాత నాతో చెప్పింది. ఒక వస్తువుకి 'రాకముందు' ఉంటుందని తెలుసు. మట్టికి కూడా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదట.

ఆ సాయంత్రం అది నా షాపు మెట్లెక్కింది. మూడు నెలల తర్వాత.

"మావయ్యా, ఇది చూడు" అని ఫోను నా మొహం ముందు పెట్టింది. మైక్రోస్కోపు గొట్టానికి ఫోన్ ఆనించి తీసిన ఫొటో. పటికబెల్లం ముక్కల్లాంటి తెల్లటి గాజు రాళ్ళు. వాటి మధ్య దానిమ్మ గింజల్లా ఎర్రగా, అవతలి వెలుగు ఇవతలికి కనిపించేలా, రెండో మూడో. పక్కన నల్లగా మెరిసే పలుకులు.

"నగల కొట్లో తీశావా?"

"మా చెరుకు పొలంలో మట్టే మావయ్యా. ఈ ఎర్రవి గోమేధికాలు. కొండల్లో, బాగా లోతున, వేడికి, ఒత్తిడికి పుడతాయంట. ఆ కొండ అరిగి, వాగులో పడి, కృష్ణలో పడి, మన దగ్గరికొచ్చాయి. మన నల్లమట్టి ఉందే, అందులో సగం మహారాష్ట్రదంట! అక్కడ ఎప్పుడో లావా పారి రాయయింది. ఆ రాయే మట్టయి నదిలో కొట్టుకొచ్చింది. మనూరి మట్టి మనూరిది కాదు మావయ్యా."

గుక్క తిప్పుకోకుండా చెప్తోంది. అలక సంగతి తనే మర్చిపోయింది. నేను టీ తెప్పించాను. అది వెళ్ళాక షాపు ముందు మెట్టు మీద రైతుల చెప్పుల నుంచి రాలిన మట్టి కనిపించింది. రోజూ ఊడ్పించే మట్టే. వేలితో కొంచెం తీసి అరచేతిలో వేసుకుని ఎండకి పెట్టి చూశాను. ఒక పలుకు తళుక్కుమంది. మా గుమాస్తా, "ఏం పోయిందండీ?" అని అడిగాడు.

ఆ తర్వాత రెండేళ్ళు దాని బ్యాగులో ఎప్పుడూ ఏదో ఒక మట్టి ఉండేది. ఒంట్లో బాగోలేకపోయినా కాలేజీ మానేది కాదు. ఇంట్లో మాత్రం ఎక్కువ మాట్లాడేది కాదు. తండ్రికీ దానికీ మధ్య ఆ 'కట్టలేను' అలాగే ఉండిపోయింది. ఆయన అన్నం తినేటప్పుడు అది చదువుకునేది, అది తినేటప్పుడు ఆయన పొలంలో ఉండేవాడు.

మూడో ఏడు వేసవిలో బావ పొలంలో పాత బోరు ఉప్పు తిరిగింది. కాలవ కట్టేస్తే చెరుక్కి ఆ బోరే దిక్కు. నేనే పైపులు పంపించాను. బోరు వేసేది పెద్దబ్బాయని ఒకాయన. ఆ చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా చేతిబోర్లు వేస్తున్న మనిషి. మూడు దుంగలు ముక్కాలి పీటలా నిలబెట్టి, కప్పీ కట్టి, నలుగురు మనుషులు ఇనప గొట్టాన్ని ఎత్తి ఎత్తి దించుతుంటే అది నేలని తొలుచుకుంటూ దిగుతుంది. ఒక గొట్టం దిగాక దానికి ఇంకో గొట్టం బిగిస్తారు. లోపల పట్టిన మట్టిని పైకి లాగి పక్కన కుమ్మరిస్తారు.

ఆ కుమ్మరించే మట్టిని కుమ్మరించనివ్వలేదు సుస్మిత.

"పెద్దబ్బాయిగారూ, ప్రతి ఐదడుగులకీ నాకు గుప్పెడు ఇవ్వండి. కలపొద్దు."

"బురద అమ్మాయిగారూ, ఏం చేసుకుంటారు?"

"ఇవ్వండి, చెప్తా."

గట్టు మీద యూరియా సంచులు వరసగా పరిచింది. వాటి మీద మట్టి ముద్దలు, ఒక్కో ముద్ద పక్కన పుల్లకి గుచ్చిన చీటీ. ఐదు, పది, పదిహేను. మొదట నల్లమట్టి. తర్వాత గోధుమరంగు ఒండ్రు. ఆ ఒండ్రులో సన్నటి చారలు, పుస్తకం కాగితాల అంచుల్లా ఒకదాని మీద ఒకటి. "ఒక్కో చార ఒక్కో వరద" అంది. పనివాళ్ళు వంగి చూశారు. పాతికడుగుల దగ్గర నుంచి ఇసక తగిలింది. నలభై అడుగుల దగ్గర ఆ ఇసకలో నీళ్ళు. పెద్దబ్బాయి దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని చప్పరించి, "తియ్యగా ఉన్నాయండీ, ఇక్కడ ఆపేద్దాం" అన్నాడు. "కిందకి పోతే బంక తగులుద్ది. అందులో నీళ్ళు ఉప్పు."

పని అయిపోయినట్టే. మనుషులు తువ్వాళ్ళు దులుపుకున్నారు. సుస్మిత గట్టు మీద నలభై అని రాసిన చీటీ దగ్గర గొంతుక్కూర్చుని ఆ గొట్టం కేసి చూస్తోంది.

బావ దాన్ని చూశాడు. ఆ చూడడం నేను చూశాను. అంతసేపు తన కూతురు మొహంలోకి ఆయన చూడడం రెండేళ్ళలో అదే మొదటిసారి అనుకుంటాను.

"పెద్దబ్బాయ్, ఇంకో రెండు గొట్టాలు దించు" అన్నాడు.

"నీళ్ళు పడ్డాయి కదండీ."

"నీళ్ళ కోసం కాదులే. కిందేముందో అమ్మాయి చూడాలనుకుంటంది."

"ఊరికే కూలి దండగండీ. మళ్ళీ ఆ బొక్క బంకమట్టితో పూడ్చాలి, లేకపోతే ఉప్పు పైకొస్తది."

"పూడ్చేటప్పుడు నేనూ ఒక చెయ్యేస్తాను. దించు."

సుస్మిత తలెత్తి తండ్రిని చూసి, వెంటనే తల దించుకుని చీటీ మీద ఏదో రాయడం మొదలుపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం బంక తగిలింది. నీలం కలిసిన బూడిద రంగు. వేళ్ళకి వెన్నలా అంటుకుంటోంది. గొట్టంలోంచి అది జారి సంచి మీద పడగానే గాలిలో ఒక వాసన వచ్చింది. మా అందరికీ తెలిసిన వాసనే, కానీ అక్కడ రావలసింది కాదు. బందరు రేవు దగ్గర, పోటు తగ్గాక ఉప్పుబురద పర్రలో నడుస్తుంటే వచ్చే వాసన. చెరుకుతోట మధ్యలో నిలబడి మేమందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

సుస్మిత ఆ ముద్దని రెండు చేతులతో విప్పింది. లోపల తెల్లగా ఏదో కనపడింది. చెంబుతో నీళ్ళు పోసి కడిగింది. గుల్ల. నా బొటనవేలి గోరంత, మెలి తిరిగి, అంచు కూడా విరగలేదు. తర్వాత ఆల్చిప్ప ముక్క ఒకటి, లోపలివైపు ఇంకా కొంచెం మెరుస్తూ. ఆ తర్వాత ఇంకోటి. చివరి గొట్టంలో నల్లటి కర్రముక్క, చిటికెనవేలంత.

పెద్దబ్బాయి నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. "ఈ గుల్లలు ముప్పై ఏళ్ళుగా చూస్తన్నానమ్మా. ఎన్ని బోర్లలో చూశానో. మట్టిలో గుల్లలుంటాయి కాబోసనుకుని పారబోసుకుంటా వచ్చాను. ఎక్కడివని ఒక్కనాడూ అడగలేదు."

"ఎక్కడివమ్మా?" అన్నాడు బావ.

"సముద్రానివి నాన్నా."

"సముద్రం ముప్పై ఐదు కిలోమీటర్లు."

"ఇప్పుడు. ఇవి బతికున్నప్పుడు ఇక్కడే."

బావ కిందకి చూశాడు. ఆయన పాదాలు నల్లమట్టిలో ఉన్నాయి. తన తాత కొన్న పొలం అది. తండ్రి చెరుకు వేసిన పొలం. సరిహద్దు రాళ్ళు ఎక్కడున్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలడు. మూడు తరాలంటే మా వైపు చాలా పాత సంగతి.

"ఇక్కడే అంటే? నేను నిలబడ్డ చోటా?"

"ఇక్కడే. ఒడ్డు ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉండుంటది. కృష్ణ మట్టి తెచ్చి తెచ్చి పోస్తుంటే సముద్రం వెనక్కి పోయింది. మన ఊరు, ఉయ్యూరు రోడ్డు, కాలవ, అన్నీ ఆ మట్టి మీదే."

చెరుకాకుల్లో గాలి ఒకటే చప్పుడు. రోజూ వినే చప్పుడే, అప్పుడు మాత్రం అలలా వినిపించిందని మా అక్క ఇప్పటికీ అంటుంది.

సాయంత్రానికి ఊరంతా పాకింది. జనం గట్టెక్కి ఆ సంచుల వరస పక్కన, పైనుంచి కిందకి, మెల్లగా నడుచుకుంటూ వచ్చి గుల్లల దగ్గర ఆగేవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు గట్టు కింద వదిలేశారు. పద్మావతమ్మగారిని కుర్చీలో మోసుకొచ్చాం. ఆవిడ ఆ గుల్లని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇందులో ఉన్న ప్రాణి ఎన్నేళ్ళ నాటిదే?" అని అడిగారు.

"మేడమ్‌ని అడగాలి నానమ్మా. వేల ఏళ్ళు."

"వేల ఏళ్ళా" అని ఆవిడ రెండు చేతులూ దగ్గరకి తెచ్చి, గుల్ల లోపల ఉండగానే, నమస్కారం పెట్టారు.

ఆ మర్నాడు డయానా మేడమ్ బస్సులో వచ్చారు. గొడుగు మూసి, చీర కొంగు నడుముకి దోపుకుని, ఆ వరస మొత్తం మోకాళ్ళ మీద వంగి చూశారు. కర్రముక్క దగ్గర ఆగిపోయారు. "ఇది మడచెట్టు కర్రలా ఉందే" అన్నారు. ఇప్పుడు సముద్రం ఒడ్డున, ఉప్పునీటి బురదలో పెరిగే చెట్టు. ఎంత పాతదని అడిగితే, పరీక్షకి పంపితే గానీ చెప్పలేమని, ఆరేడు వేల ఏళ్ళయినా ఆశ్చర్యం లేదని అన్నారు. తర్వాత బావ వైపు తిరిగి, "నీళ్ళు పడ్డాక కూడా బోరు దింపించిన రైతుని నేను చూడలేదండీ" అన్నారు. బావ, "మజ్జిగ పుచ్చుకోండి" అన్నాడు.

వారం తర్వాత బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని నా షాపుకి వచ్చాడు.

"కాలేజీకి తీసుకెళ్తావా? ఆ బంకలో ఇంకా ఏదో ఉందంట, కంటికి కనపడదంట. అమ్మాయి రమ్మంది."

ఇద్దరం వెళ్ళాం. అప్పటిదాకా నేనూ ఆ కాలేజీ గేటు దాటలేదు. ఎత్తయిన పాత గదులు, గోడలకి పెచ్చులు. ల్యాబులో సుస్మిత తండ్రిని స్టూలు మీద కూర్చోబెట్టి, "ఒక కన్ను మూసుకో నాన్నా, ఈ చక్రం మెల్లగా తిప్పు" అంది.

బావ కన్ను పెట్టాడు. చక్రం తిప్పాడు. చెయ్యి ఆగిపోయింది.

"ఏంటివి?"

"గుల్లలే నాన్నా. ఒకటే కణం ఉన్న జీవులు కట్టుకున్న ఇళ్ళు. కళ్ళు లేవు, చేతులు లేవు, మెదడు లేదు. సముద్రం నీళ్ళలో సున్నం ఏరుకుని కట్టుకుంటాయి. ఒక గది కట్టి, చాలకపోతే పక్కన ఇంకో గది. అట్టా చుట్టూ తిప్పుకుంటా పోతాయి."

నాకు వంతు వచ్చాక చూశాను. నల్లటి పళ్ళెంలో తెల్లగా, ఆవగింజలో పదో వంతు కూడా ఉండని చుట్టలు. గది పక్కన గది, ప్రతి గదీ ముందు దానికన్నా కొంచెం పెద్దది, ఎవరో కొలిచి కట్టినట్టు. గోడల మీద సూదిమొనకన్నా సన్నటి రంధ్రాలు. ఏ మేస్త్రీ కట్టలేడు. అలాంటివి ఆ చిటికెడు బంకలో వందల్లో ఉన్నాయట. మరి పొలం మొత్తం కింద? డెల్టా మొత్తం కింద? లెక్క వేయబోయి మధ్యలో వదిలేశాను.

బావ మళ్ళీ కూర్చున్నాడు. మూడుసార్లు చూశాడు. లేచి కళ్ళు తుడుచుకున్నాడు. అద్దం గుచ్చుకుందన్నాడు. మెట్లు దిగుతూ సుస్మిత భుజం మీద చెయ్యి వేసి, నేను వింటుండగానే, "ఆ రోజు నేను కట్టలేనన్నానమ్మా. నీకు ఆ చదువు ఎంత ఇష్టమో నాకప్పుడు తెలీదు. తెలిసినా కట్టలేకపోయేవాణ్ణేమో. కానీ తెలుసుకోకుండా అనకూడదు" అన్నాడు.

సుస్మిత ఆయన చెయ్యి తీసెయ్యలేదు. బస్టాపు దాకా అలాగే నడిచారు.

ఇది విని చాలామంది, చూశారా, పెద్దల మాట వింటే మంచే జరిగింది అంటారు. నేనూ ఒకసారి ఆ ధైర్యం చేశాను. "మేమారోజు పట్టుబట్టకపోతే నీకిదంతా దొరికేదా అమ్మా?" అన్నాను.

అది కోపంగా కాదు, నిజంగానే ఆలోచించి చెప్పింది. "అక్కడికెళ్తే ఇంకేదో దొరికేది మావయ్యా. అదేంటో నాకు ఎప్పటికీ తెలీదు."

అప్పటి నుంచి నేను ఎవరి పిల్లల చదువు గురించీ తీర్పులు చెప్పడం మానేశాను.

డిగ్రీ అయ్యాక దేశం మొత్తానికి పెట్టే పరీక్ష రాసి, ఉత్తరాదిన ఒక పెద్ద ప్రభుత్వ సంస్థలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకుంది. ఈసారి బావ నన్ను మాట్లాడడానికి రమ్మనలేదు. రైలెక్కించడానికి వెళ్దాం రమ్మన్నాడు. పద్మావతమ్మగారు మాత్రం, "చలిదేశమంట, శాలువా పెట్టావా లేదా" అని అక్కని పదిసార్లు అడిగారు.

మొన్న సెలవులకి వచ్చినప్పుడు దానికి హంసలదీవి దగ్గర పని పడింది, కృష్ణ సముద్రంలో కలిసే చోట. బావా నేనూ కూడా వెళ్ళాం. పొద్దున పది గంటలయింది. నది అక్కడ నది కాదు, ఎటు చూసినా నీళ్ళే. మా వైపు నుంచి గోధుమరంగు నీళ్ళు, అటు నుంచి నీలం, మధ్యలో గీత గీసినట్టు నురగ. దూరంగా, నీళ్ళ మధ్య, సన్నటి ఇసకమేట ఒకటి మెరుస్తోంది. దాని మీద చెట్టు లేదు, గడ్డి లేదు, కొంగలు మాత్రం వాలి ఉన్నాయి.

"ఆ మేట ఐదేళ్ళ కిందటి శాటిలైట్ ఫొటోల్లో లేదు" అంది సుస్మిత.

"అంటే ఇప్పుడే పుట్టిందా?" బావ గొంతు తగ్గించాడు, పసిపిల్ల నిద్ర లేస్తుందేమో అన్నట్టు.

"పుట్టింది. ఉంటదో లేదో చెప్పలేం. పైన ఆనకట్టల దగ్గరే మట్టి చాలావరకు ఆగిపోతంది నాన్నా. మునుపటంత రావట్లేదు. కొన్నిచోట్ల సముద్రం తిరిగి లోపలికి వస్తంది కూడా. ఎంత వస్తందో, ఎక్కడ పోతందో కొలవడమే మా పని."

బావ ఆ మేట కేసీ, వెనక మేము వచ్చిన దారి కేసీ చూశాడు. ముప్పై ఐదు కిలోమీటర్ల వరిచేలు, తాటిచెట్లు, రొయ్యల చెరువులు, ఊళ్ళు, బళ్ళు, గుళ్ళు, చర్చిలు.

"ఇదంతా అదే పోసిందా?"

"అంతా."

ఆయన ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగాడు. చీలమండల చుట్టూ నీళ్ళు సుడి తిరిగి, పాదాల కింద ఇసక జారుతుంటే అలాగే నిలబడి వంగి చూస్తున్నాడు. సుస్మిత అప్పటికే సంచిలోంచి కొలతటేపు తీసి ఒడ్డు వెంట విప్పుకుంటూ ముందుకు వెళ్తోంది.

"నాన్నా, ఆ కొస పట్టుకుని కదలకుండా నిలబడు" అని అక్కడి నుంచి కేకేసింది.

బావ టేపు కొస అందుకుని, రెండు చేతులతో పట్టుకుని, నిటారుగా నిలబడ్డాడు.